కాళ్లకి తగిలే గాలి

మన వైపు ఇళ్లల్లో స్కర్టింగ్ అంటే గోడ మొదట్లో అంటించే నాలుగంగుళాల టైల్ పట్టీ. తడిగుడ్డ పెట్టి ఇల్లు తుడిచేటప్పుడు గోడ రంగు పాడవకుండా వేస్తారు. నేలకీ దానికీ మధ్య తెల్ల సిమెంటు పూసేస్తారు గనక అక్కడ సందు అనే మాటే ఉండదు. ఎక్కడైనా ఉంటే చీమలు బారుకట్టి చూపిస్తాయి, అంతే. ఆ సందులోంచి గాలి రావడం, ఆ గాలికి కాళ్లు కొంకర్లు పోవడం మన ఊహకి అందదు. అసలు గాలి రావడం అంటే మనకి మంచి మాట కూడాను. "ఇంట్లోకి గాలి బాగా వస్తుందా?" అన్నది అద్దె ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడల్లా మా అమ్మ అడిగే మొదటి ప్రశ్న.

ఇంగ్లండులో పాత ఇళ్లల్లో స్కర్టింగ్ అంటే గోడకి మేకులు కొట్టి బిగించిన చెక్క పలక. దాని కింద నేల ఉంటుంది అనుకుంటాం గానీ, నిజానికి అది నేల కాదు. దూలాలు, వాటి మీద వరసగా పరిచిన చెక్కలు. ఆ చెక్కల కింద అడుగో రెండడుగులో బోలు. ఆ బోలు కింద అసలు మట్టి. అంటే ఇల్లంతా ఒక పెద్ద బల్ల మీద నిలబడి ఉన్నట్టు లెక్క. మేముండేది రెడింగ్‌లో (రీడింగ్ అని రాసి రెడింగ్ అని పలుకుతారు, ఆ ఊరి పేరుతోనే నా ఇంగ్లీషు పరీక్ష మొదలైంది). ఒకప్పుడు హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ల ఫ్యాక్టరీతో పేరు పడ్డ ఊరు. ఆ ఊరు పెరుగుతున్న రోజుల్లో కట్టిన ఎర్ర ఇటుకల వరస ఇళ్లు వీధులకి వీధులు ఉన్నాయి. మాదీ అలాంటిదే. 1901లో కట్టారని కాగితాల్లో ఉంది.

ఆ రోజుల్లో ప్రతి గదిలోనూ బొగ్గుల పొయ్యి ఉండేది. పొయ్యి మండాలంటే గాలి కావాలి. చెక్కల సందుల్లోంచి వచ్చే గాలి ఆ పొయ్యిలోకి పోయి, పొగతోపాటు చిమ్నీలోంచి బయటికి పోయేది. ఇప్పుడు పొయ్యిలు పోయి గోడలకి రేడియేటర్లు వచ్చాయి. ఆ వేడికి చలికాలంలో చెక్క ఎండి ముడుచుకుంటుంది. నూరేళ్లు దాటిన ఇల్లు కాబట్టి దూలాలు కొంచెం కిందికి దిగి ఉంటాయి. గోడకి కొట్టిన స్కర్టింగ్ మాత్రం గోడతోనే ఉండిపోతుంది. నేల దిగింది, పలక దిగలేదు. మధ్యలో సందు పడింది. మా ఇంట్లో ఒక చివర పౌండు బిళ్ల దూరేంత సన్నగా ఉంటే, వీధివైపు కిటికీ కింద నాలుగు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినా పట్టేంత ఉంది.

ఇదంతా మాకు తెలియకుండానే ఆరు చలికాలాలు గడిచాయి. సాక్సులు, మేజోళ్ల మీద మేజోళ్లు, లోపల ఉన్ని వేసిన చెప్పులు. చలిదేశం, ఇంతే కాబోలు అనుకునేవాళ్లం. 2022 అక్టోబరులో మా అత్తయ్య గారు వచ్చాక గానీ ఈ గాలి సంగతి బయటపడలేదు.

ఆవిడకి డెబ్బై రెండేళ్లు. ఆర్నెల్ల వీసా, మార్చిలో తిరుగు టిక్కెట్టు. మామయ్య గారు పోయాక కోనసీమలో ఆ పెద్ద ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఒక చలికాలమైనా మా దగ్గర ఉండమని రెండేళ్ల నించి బతిమాలితే వచ్చారు. వచ్చిన కొత్తలో బాగానే ఉన్నారు. వీధిలో ఆకులు రంగు మారడం చూసి పిల్లలా ఆనందపడ్డారు. నవంబరు సగానికి వచ్చేసరికి మాట మారింది. "సంక్రాంతికి ఊళ్లో ఉండాలనుంది నాన్నా, టిక్కెట్టు ముందుకి జరపడం కుదురుతుందేమో చూడు" అన్నారు మా ఆయనతో. ఆయన సరేనమ్మా అన్నారు. మగవాళ్లు మాటని మాటగానే వింటారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. మామయ్య గారు పోయిన దగ్గర్నించి ఆవిడ సంక్రాంతికి గడపలో ముగ్గు కూడా పెద్దగా పెట్టించడం లేదు. ఇప్పుడు హఠాత్తుగా సంక్రాంతి ఏమిటి?

మర్నాడు పొద్దున్న అయిదున్నరకి మంచినీళ్ల కోసం కిందికి దిగితే, ఆవిడ దేవుడి అర ముందు నిలబడి సహస్రనామం చదువుకుంటున్నారు. ఏ రోజూ పీట మీద కూర్చుని తప్ప చదవని మనిషి. ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని, కొంగ నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. "కూర్చోలేదేం అత్తయ్య గారూ?" అంటే, "ఏం లేదమ్మా, మోకాళ్లు" అన్నారు. మోకాళ్లు నొప్పి అయితే నిలబడతారా, కూర్చుంటారా? నేనే ఆ పీట మీద కూర్చున్నాను. ఒక్క నిమిషం. చీర కుచ్చిళ్లు తమంతట అవే కదిలాయి. పాదాల మీద సన్నగా, సూదిలా, చల్లటి గాలి.

అప్పుడు అర్థమైంది నాకు. ఈ చలి ఇంట్లో అందరిదీ కాదు. నేల దగ్గర బతికేవాళ్లది. పీట మీద కూర్చునే ముసలివాళ్లది, పాకే పసిపిల్లలది, పొద్దున్నే అందరికంటే ముందు లేచి వంటింట్లో నిలబడే వాళ్లది. మా ఆయన పని చేసుకునేది మేడ మీద గదిలో. వేడి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి ఆయన చొక్కా చేతులు మడిచి కూర్చుంటారు. పిల్లలు సోఫాలో కాళ్లు ముడుచుకుని ఉంటారు. హాల్లో గోడకి ఛాతీ ఎత్తున బిగించిన థర్మోస్టాట్ 20 అని చూపిస్తుంది. "20 ఉంది కదా, ఇంకా చలేమిటి?" అన్న ప్రశ్న ఈ దేశంలో ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది ఆడవాళ్లు విని ఉంటారో! వంటింట్లో వాడే చిన్న థర్మామీటరు తీసుకెళ్లి దేవుడి అర కింద నేల మీద పెట్టాను. 14.

అది కరెంటు, గ్యాసు బిల్లులకి అందరూ భయపడిన చలికాలం కూడా. సగటు ఇంటికి ఏడాది ఖర్చు లెక్క 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు, 2022 ఏప్రిల్లో 1,971 అయింది. అక్టోబరులో ప్రభుత్వం కలగజేసుకుని 2,500 దగ్గర ఆపింది. అలాంటప్పుడు వేడి ఇంకో రెండు డిగ్రీలు పెంచుదామంటే ఎవరికీ నోరు రాదు. అత్తయ్య గారికి అసలే రాదు. కొడుకు ఖర్చు పెరుగుతుందని, తన వల్ల ఇబ్బంది అని, సంక్రాంతి వంక పెట్టారు.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. ముందు గదిలో లేత రంగు కార్పెట్ ఉంది. గోడ పొడుగునా స్కర్టింగ్‌ని ఆనుకుని దాని అంచున నల్లటి గీత. ఎవరో కాటుకతో గీసినట్టు ఉండేది. వాక్యూమ్ చేస్తే పోదు, సబ్బునీళ్లు పెట్టి రుద్దితే పోదు. ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషి చూపూ ఒక్కసారి ఆ గీత మీద ఆగి నా మీదికి వచ్చేది. అత్తయ్య గారు వచ్చిన వారానికే "మూలలు సరిగ్గా ఊడవడం లేదేమో అమ్మాయ్" అన్నారు, మెత్తగానే. ఆ గీత నా చీపురు తప్పు కాదు. కింది బోలులోంచి వచ్చే గాలి సందులోంచి పైకి వచ్చేటప్పుడు కార్పెట్ అంచు జల్లెడలా పనిచేస్తుంది. గాలిలో ఉన్న సన్నటి మసి అక్కడ ఆగిపోతుంది. ఎక్కడ గీత నల్లగా ఉందో అక్కడ గాలి ఎక్కువ వస్తోందన్న మాట. ఇల్లే తన లోపం ఎక్కడుందో గీసి చూపిస్తుంటే, ఇన్నాళ్లూ ఆ నింద ఇల్లాలి మీద పడింది. ఈ ముక్క అత్తయ్య గారికి చెప్పినప్పుడు ఆవిడ కాసేపు గీతని చూసి, "అయితే ఇది నీది కాదన్నమాట" అన్నారు. పైకి ఏమీ అనలేదు గానీ నాకెంత హాయిగా అనిపించిందో!

కార్పెట్ లేని గదిలో గాలి దారులు ఎలా పట్టుకోవడం? అగరొత్తి. బాగా గాలి వీస్తున్న రోజు చూసుకుని, కిటికీలు తలుపులు మూసి, వంటింట్లో పొగ లాగే ఫ్యాను వేశాం. ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగేస్తుంది కాబట్టి, బయటి గాలి ఎక్కడ సందు ఉంటే అక్కణ్ణించి చొరబడుతుంది. అత్తయ్య గారు ఒక చేతిలో అగరొత్తి, బూడిద రాలకుండా కింద స్టీలు పళ్లెం పట్టుకుని గోడ వారగా నెమ్మదిగా నడిచారు. నేను పెన్సిలు పట్టుకుని వెనకాల. పొగ తిన్నగా లేస్తే సరే. ఒక్కసారిగా గదిలోకి వంగిందా, అక్కడ పలక మీద చిన్న ఇంటూ గుర్తు. మా అబ్బాయి చూసి "నానమ్మ ఇంటికి హారతి ఇస్తోంది" అన్నాడు. గంటలో ఇరవై మూడు గుర్తులు. ఎక్కువ ఎక్కడంటే కిటికీ కింద, దేవుడి అర మూల, రేడియేటరు గొట్టాలు నేలలోకి దిగే చోట. గొట్టాల చుట్టూ చిల్లు వదులుగా తవ్వేసి వదిలేస్తారు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీ ఇంట్లో చూస్తే కర్టెన్లకి, సోఫా గుడ్డలకి దూరంగా పట్టుకోండి అగరొత్తిని.

అసలు గొడవ ఆ తరవాత మొదలైంది. మా ఆయన ఇళ్లకి చిన్న చిన్న మరమ్మతులు చేసే ఒకాయన్ని పిలిచారు. ఆయన ఇంటి బయటికి వెళ్లి, గోడలో నేలకి జానెడు ఎత్తున ఉన్న చిల్లుల ఇటుకలు చూపించాడు. వీధివైపు రెండు, పెరటివైపు రెండు. "చలిగాలి వచ్చేది వీటిలోంచే. 200 పౌండ్లు ఇవ్వండి, గంటలో నాలుగూ మూసేస్తాను, లోపల ఏ సందూ పూడ్చక్కర్లేదు" అన్నాడు. మా ఆయనకి చాలా నచ్చింది. కారణం దగ్గర కొడితే సరిపోతుంది కదా, ఇరవై మూడు చోట్ల ఎందుకు అన్నారు. వినడానికి నిజమే అనిపిస్తుంది.

కానీ నాకు కాగితం ఏదైనా చివరిదాకా చదివే జబ్బు ఉంది. తెలుగు బీయే చదివి సంపాదించిన ఆస్తి అదొక్కటే. ఇల్లు కొన్నప్పుడు పరీక్ష చేసిన ఇంజనీరు ఇచ్చిన రిపోర్టులో, గోడలోని ఎయిర్ బ్రిక్స్ ఎప్పుడూ తెరిచే ఉంచాలని, పూలమొక్కల మట్టి కూడా వాటికి అడ్డం రాకూడదని రాసి ఉంది. ఎందుకో తరవాత తెలుసుకున్నాను. చెక్కల కింద ఉన్నది పచ్చి మట్టి. దాన్నించి ఎప్పుడూ చెమ్మ లేస్తూ ఉంటుంది. వీధివైపు ఇటుకల్లోంచి గాలి లోపలికి వచ్చి, చెక్కల కింద నించి నడిచి, పెరటివైపు బయటికి పోతూ ఆ చెమ్మని తనతో పట్టుకుపోతుంది. ఆ దారి మూసేస్తే చెమ్మ దూలాలకి పడుతుంది. చెక్కలో తేమ నూటికి 20 వంతులు దాటిందంటే బూజు పట్టే ప్రమాదం మొదలైనట్టే. డ్రై రాట్ అని ఒకటుంది, పేరులో పొడి ఉంది గానీ దాని పుట్టుక చెమ్మలోనే. చెక్కని చిన్న చిన్న పలకలుగా పగలగొట్టి పిండి చేసేస్తుంది. గోడ దాటి పక్క చెక్కలకీ పాకుతుంది. అప్పుడు ఖర్చు వందల్లో ఉండదు, వేలల్లో.

ఇదంతా నేను చెబితే మా ఆయన "అతనికి ఇరవై ఏళ్ల అనుభవం" అన్నారు. నా అనుభవం ఆయన ఇంట్లో పందొమ్మిదేళ్లు, ఒక్క ఏడాది తక్కువైపోయింది మరి.

అత్తయ్య గారు చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ వింటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు, "ఒరేయ్, మన సావిట్లో ధాన్యం బస్తాలు నేలకి ఆనించి పెట్టేవాళ్లమా?" లేదమ్మా, కింద చెక్కలు వేసేవాళ్లం కదా అన్నారు ఈయన. "ఎందుకు వేశాం? కింద గాలి ఆడకపోతే అడుగు బస్తా ముక్కిపోతుంది. మీ నాన్న ఆ చెక్కల చుట్టూ గోనెపట్టా కూడా కప్పనిచ్చేవారు కాదు. ఈ ఇంటికీ కింద చెక్కలే. అమ్మాయి చెప్పేది అదేగా." అంతే. మళ్లీ చిక్కుడుకాయల్లో పడిపోయారు. ఆ మరమ్మతులాయన మళ్లీ మా ఇంటికి రాలేదు.

సంస్కృతంలో కిటికీకి వాతాయనం అని పేరు, గాలి నడిచే దారి అని. గవాక్షం అన్నా కిటికీయే, ఆవు కన్ను లాంటిదని. తమాషా ఏమిటంటే ఇంగ్లీషు విండో కూడా పాత నార్స్ భాషలో గాలి కన్ను అన్న మాట నించే వచ్చింది. మా ఇంటి వాతాయనాలు ఆ నాలుగు చిల్లుల ఇటుకలు. వాటిని మూయకూడదు. మూయాల్సింది గాలి దారి తప్పి గదిలోకి వచ్చే చోటు, అంటే స్కర్టింగ్ కింది సందు. కింద బోలులో గాలి ఆడాలి, పైన గదిలో ఆడకూడదు. ఒక్క వేలి మందం తేడా.

పని రెండు శనివారాలు పట్టింది. ముందు సందు శుభ్రం చేయాలి. వాక్యూమ్ గొట్టానికి సన్నటి మూతి తగిలించి, పాత టూత్ బ్రష్షుతో కెలికి తీశాం. ఏం వచ్చాయో చెబితే నవ్వుతారు. ఆవాలు గుప్పెడు (అవి మావే), పిల్లల లెగో ముక్కలు, తల పిన్నులు, నాలుగు చిల్లులున్న ఎముక బొత్తాం ఒకటి. అది మాది కాదు. మాకు ముందు ఆ ఇంట్లో ఎవరి చొక్కాదో. అత్తయ్య గారు కడిగి తన కుట్టుపెట్టెలో వేసుకున్నారు.

సందు సన్నగా ఉన్న చోట నేరుగా మందు నింపేయచ్చు. వెడల్పుగా ఉన్న చోట అలా నింపితే అది బోలులోకి జారిపోతుంది, ఆరాక ముడుచుకుని పగులుతుంది. అందుకని ముందు నురుగుతో చేసిన బూడిద రంగు తాడు అమ్ముతారు, దాన్ని కూరాలి. సందు కంటే కాస్త లావుగా ఉండేది కొనాలి, అప్పుడే బిగుసుకుని నిలబడుతుంది. కోసుగా ఉన్న దాంతో తోస్తే చిరుగుతుంది. నేను పాత చెక్క అట్లకాడ తిరగేసి దాని కాడతో తోశాను. అత్తయ్య గారు కుర్చీలో కూర్చుని, దీపానికి వత్తి సవరించినట్టు, తాడు మెలిపడకుండా నాకు అందిస్తూ వచ్చారు.

దాని పైన కాల్క్. పలికేటప్పుడు మధ్యలో ల వినపడదు, కొట్లో అడగడానికి నాకు మొదట్లో సిగ్గేసేది. ట్యూబు రెండు మూడు పౌండ్లు. దాని మూతిని ఏటవాలుగా కోసి, తుపాకీ లాంటి దాంట్లో పెట్టి నొక్కుకుంటూ పోవాలి. తుపాకీ పని మా ఆయనది. ఆయనకి చాలా నచ్చింది కూడా, అక్కర్లేని చోట్ల కూడా నొక్కబోతే ఆపాల్సి వచ్చింది. వెనకాలే నేను తడివేలితో రాసుకుంటూ వచ్చాను. గారెలు తట్టేటప్పుడు చెయ్యి తడి చేసుకుంటామే, సరిగ్గా అంతే తడి. ఎక్కువైతే మందు పల్చబడుతుంది, తక్కువైతే వేలికి అంటుకుంటుంది. ఈ విద్య మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆరాక కొంచెం లోపలికి కుంగుతుంది, రెండోసారి సన్నగా పూస్తే సరిపోతుంది. పైన రంగు వేసుకోవచ్చు. కొనేటప్పుడు సాగే రకమో కాదో చూసుకోండి. చెక్క చలికాలంలో ముడుచుకుని వానాకాలంలో ఉబ్బుతుంది. గట్టిపడిపోయే సిమెంటు లాంటిది పెడితే మొదటి ఏడాదిలోనే ఊడిపోతుంది.

దేవుడి అర ఉన్న గదిలో కార్పెట్ లేదు, చెక్కలే కనబడతాయి. అక్కడ తెల్లమందు పూస్తే పెరుగు ఒలికినట్టుంటుంది. అక్కడ కూడా సందులో తాడు కూరి, పైన పావు గుండ్రం ఆకారంలో ఉండే సన్నటి చెక్క పట్టీ కొట్టించాం. ఆ మేకులు స్కర్టింగ్‌లోకి వెళ్లాలి గానీ నేల చెక్కలోకి వెళ్లకూడదు. నేల కదులుతూ ఉంటుంది, దాన్ని కదలనివ్వాలి. కార్పెట్ గదిలో అంచు ఎత్తి, కింద సందు పూడ్చి, మళ్లీ నొక్కేశాం. అంచు కింద ముళ్ల పట్టీ ఉంటుంది, వేళ్లు జాగ్రత్త. అన్నీ కలిపి ఖర్చు 40 పౌండ్ల లోపే.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. గదిలో గాలి తీసుకుని మండే గ్యాసు పొయ్యిగానీ కట్టెల పొయ్యిగానీ ఉంటే, దానికోసం గోడలో పెట్టిన గాలి కన్నం జోలికి పోకండి, తెలిసినవాళ్లని అడక్కుండా సందులు పూడ్చకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ ఉండాలి. మా బాయిలరు బయటి గాలితో నడిచే కొత్త రకం, అయినా అలారం పెట్టుకున్నాం. అద్దె ఇల్లయితే యజమానిని అడిగి చేయండి. వాళ్లు ఒప్పుకునేదాకా పాత చీరతో పొడుగాటి దిండు కుట్టి గోడ వారన వేసుకోవచ్చు. అత్తయ్య గారు రెండో శనివారం వరకూ ఆగలేక రెండు కుట్టేశారు, ఒకటి వంగపండు రంగు నేత చీర, ఇంకొకటి నా పెళ్లినాటి పాత వాయిల్. లోపల చిరిగిన తువ్వాళ్లు కూరారు. అవి ఇప్పటికీ తలుపుల దగ్గర పని చేస్తున్నాయి.

పని ముగిసిన వారానికే, డిసెంబరు రెండో వారంలో, గడ్డకట్టే చలి వచ్చింది. పగలు కూడా సున్నా దాటడం కష్టమైన రోజులు. మంచు కురిసింది. థర్మోస్టాట్ అదే 20. నేల మీది థర్మామీటరు 16న్నర, ఎండ వచ్చిన రోజు 17. అద్భుతం ఏమీ జరగలేదు, ఆ ఇల్లు మన ఊరి ఇల్లు కాలేదు. చెక్కల మధ్య సందుల్లోంచి ఇంకా కొంచెం వస్తుంది. నేల కింద పూర్తిగా దూది లాంటిది పరిపించాలంటే చెక్కలు ఊడదీయాలి, అది పెద్ద ఖర్చు, ఇంకా ఆలోచనలోనే ఉంది. బిల్లు ఎంత తగ్గిందో కూడా చెప్పలేను, ఆ ఏడాది రేట్లు మారిన తీరుకి ఏది దేనివల్లో విడదీయడం నావల్ల కాలేదు. కానీ కుచ్చిళ్లు కదలడం మానేశాయి. అంతవరకు చెప్పగలను.

టిక్కెట్టు మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు మా ఆయనే, "అమ్మా, సంక్రాంతికి వెళతానన్నావు, చూడమంటావా?" అన్నారు పాపం, ఏమీ తెలియకుండా. "ఈ ఏడు ఇక్కడే చేసుకుందాంలే. బూరెలకి బెల్లం దొరుకుతుందా ఈ ఊళ్లో?" అన్నారు ఆవిడ. దొరుకుతుంది. ఆ వారమే కొనిపెట్టాను, మళ్లీ మనసు మారకముందే.

మార్చిలో వెళ్లిపోయారు. ఎండాకాలంలో చెక్కలు ఉబ్బినప్పుడు కిటికీ కింద ఒక చోట మందు నొక్కుకుపోయి ఉబికింది. సెప్టెంబరులో బ్లేడుతో గీసేసి మళ్లీ పూశాను. ఏటా చలి మొదలయ్యే ముందు ఒకసారి అగరొత్తి పట్టుకుని తిరగడం, బయట చిల్లుల ఇటుకలకి ఆకులు అడ్డంపడితే తీసేయడం, అరపూట పని. ఈ అక్టోబరులో వీడియో కాల్లో, పిల్లలెలా ఉన్నారు, కూరేం వండావు అయ్యాక, "దేవుడి మూల చూశావా? పొగ ఎటు వంగుతోంది?" అని అడిగారు అత్తయ్య గారు. ఫోను నేల దగ్గర పెట్టి అగరొత్తి వెలిగించి చూపించాను. "కొంచెం కుడివైపుకి జరుపు" అన్నారు.